కొండమీద ఇల్లు కట్టి అతిథికి అప్పగించిన నవాబు

రామకుప్పం : ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. పట్టుగూళ్ళు అమ్మిన డబ్బు, పాల డబ్బు కూడబెట్టి పునాది తీసినవాళ్ళు, గోడలు లేచేసరికి చేతిలో పైకం అయిపోయి వడ్డీకి తెచ్చినవాళ్ళు, గృహప్రవేశమైన నాలుగేళ్ళకే ఆ ఇంటిని ఇంకొకరికి రాసిచ్చి బెంగుళూరు బస్సెక్కినవాళ్ళు మన పల్లెల్లో లేకపోలేదు. అయితే ఈ బాధ పేదవాడికీ, మధ్యతరగతి రైతుకేననుకుంటే పొరపాటే. ఒక పెద్ద రాజ్యానికి ప్రధానమంత్రిగా పనిచేసిన నవాబుగారు, రాజుగారి తోబుట్టువును పెళ్ళాడిన ప్రభువు కూడా ఇల్లు కట్టి అప్పులపాలైనాడు. తొమ్మిదేళ్ళు కట్టించిన ఆ ఇంటిని చివరకు చుట్టపుచూపుగా వచ్చిన అతిథికి అప్పగించి బయటికి నడిచాడు.

ఆయన పేరు సర్ వికార్ ఉల్ ఉమ్రా. ఆయన కట్టించిన ఇల్లు హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్యాలెస్. ఈనాడు అది దేశదేశాల ధనవంతులు వచ్చి బస చేసే పెద్ద హోటలు.

మన ప్రాంతం నుంచి రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్ళేవారు చార్మినారు, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, జంతుప్రదర్శనశాల చూసి వస్తారు. ఫలక్‌నుమా అన్న పేరు వారు సిటీ బస్సుల బోర్డుల మీద, రైల్వేస్టేషనులో చూసే ఉంటారు. చార్మినారుకు దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, కొండ నెత్తిన తెల్లగా కనిపించే భవనమే అది. దాని కథ తెలిసినవారు తక్కువ. కట్టినవాని కథ తెలిసినవారు ఇంకా తక్కువ.

పైగా వంశం

హైదరాబాదు రాజ్యంలో నిజాం తర్వాత అంతటి వైభవం గల వంశాలలో పైగా వంశం మొదటిది. ఆ వంశానికి మూలపురుషుడు అబుల్ ఫతేఖాన్ తేగ్‌జంగ్. ఈయన రెండో నిజాం అలీఖాన్ కొలువులో సేనాధిపతి. సైన్యాన్ని పోషించినందుకు ప్రతిఫలంగా నిజాం ఆయనకు జాగీరు గ్రామాలు, షంసుల్ ఉమ్రా అనే బిరుదు ఇచ్చాడు. విమానాశ్రయం ఉన్న శంషాబాదుకు ఆ బిరుదు మీదనే పేరు వచ్చింది. గల్ఫు దేశాలకు పనికోసం వెళ్ళేవారిలో శంషాబాదులో విమానం ఎక్కేవారెందరో ఉన్నారు. ఆ పేరు వెనుక ఒక పాత సేనాధిపతి ఉన్నాడని తెలియదు.

ఈ రెండో నిజాముకు మన సీమతోనూ సంబంధం ఉంది. 1800లో కడప, బళ్ళారి ప్రాంతాలను ఇంగ్లీషు కుంఫిణీ వారికి ఇచ్చివేసినవాడు ఈయనే. అందుకే ఆ జిల్లాలను చాలాకాలం దత్తమండలాలు అన్నారు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అది ఇందులో చేరింది. కనుక హైదరాబాదు నవాబుల కథ మనకు బొత్తిగా సంబంధం లేనిదేమీ కాదు.

పైగా ప్రభువులకు ఒక ప్రత్యేక గౌరవం ఉండేది. నిజాం ఇంటి ఆడపడుచులను ఆ వంశంలోకి ఇచ్చేవారు. అంటే వారు కొలువులో ఉద్యోగులే కాక వియ్యపువారు కూడా. వారి జాగీరులో ఊళ్ళకు ఊళ్ళు, తాలూకాలకు తాలూకాలు ఉండేవి. ఆ గ్రామాల రైతులు కట్టే శిస్తు సర్కారు ఖజానాకు పోయేది కాదు, పైగా వారి ఖజానాకే చేరేది. వారికి సొంత కచేరీలు, సొంత సిబ్బంది ఉండేవి. మన కంగుంది, పుంగనూరు జమీందారులను ఎరిగిన పెద్దలు, అటువంటి జమీలు అనేకం కలిపి ఒకే కుటుంబం చేతిలో ఉన్నట్లు ఊహించుకుంటే సరిపోతుంది.

బాల్యం, వివాహం

వికార్ ఉల్ ఉమ్రా 1856 ఆగస్టు 13న జన్మించాడు. అసలు పేరు ఫజలుద్దీన్ ఖాన్. తండ్రి రషీదుద్దీన్ ఖాన్. తాత ఫక్రుద్దీన్ ఖాన్ శాస్త్రవిద్యలంటే ప్రీతి గలవాడు. పాశ్చాత్య శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి అచ్చువేయించిన పండితప్రభువు. ఇంట్లో పుస్తకాలు, కొత్త వస్తువుల పట్ల ఆసక్తి ఆ కాలానికే ఉన్నాయన్నమాట. మనుమడికి ఆ గుణం అబ్బిందనుకోవాలి.

ఆ రోజుల్లో హైదరాబాదు గద్దె మీద ఉన్నవాడు పసివాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1866 ఆగస్టులో పుట్టాడు. 1869లో తండ్రి అఫ్జలుద్దౌలా చనిపోయేనాటికి ఆయనకు మూడేళ్ళు కూడా నిండలేదు. రాజు పెద్దవాడయ్యేదాకా సాలార్‌జంగ్, ఆయనతోపాటు పైగా ప్రభువు ఒకరు రాజ్యభారం మోశారు. వికార్ ఉల్ ఉమ్రా తండ్రి రషీదుద్దీన్ ఖాన్ కూడా 1877 నుంచి ఆ బాధ్యత వహించి, 1881లో చనిపోయాడు.

అఫ్జలుద్దౌలా కుమార్తె జహందారున్నీసా బేగంను వికార్ ఉల్ ఉమ్రా వివాహమాడాడు. దానితో ఆయన చిన్న నిజాముకు బావ అయినాడు. ఇద్దరికీ వయసులో పదేళ్ళు తేడా. ఇద్దరూ ఆగస్టు మాసంలో పుట్టినవారే. ఈ బావా బావమరుదుల బంధుత్వం గుర్తుంచుకుంటేనే తర్వాత జరిగిన కథ అర్థమవుతుంది.

కొండమీద పునాది

1884 ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ ప్రభువు హైదరాబాదు వచ్చి, పదిహేడేళ్ళ మహబూబ్ అలీఖాన్‌కు సర్వాధికారాలు అప్పగించాడు. సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే, మార్చి 3న వికార్ ఉల్ ఉమ్రా తన కొత్త ఇంటికి శంకుస్థాపన చేశాడు. అప్పటికి ఆయనకు ఇరవయ్యేడేళ్ళు.

ఐరోపా దేశాలు తిరిగి, అక్కడి కట్టడాలు చూసి ముచ్చటపడినవాడాయన. తన ఇల్లు హైదరాబాదులో ఇంకొకరికి లేనట్టిదిగా ఉండాలనుకున్నాడు. నగరం గోల లేని చోట, కొండ కొనను ఎంచుకున్నాడు. ఇంటికి ఫలక్‌నుమా అని పేరు పెట్టాడు. ఆకాశాన్ని పోలినది, ఆకాశానికి అద్దం వంటిది అని దాని అర్థం. ప్లాను గీసినవాడు విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు.

ఆ ఇల్లు పైనుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందని చెబుతారు. ముందున్న పెద్ద భవనం ఒక భాగం. దాని వెనుక రెండు వైపులా చాచిన రెక్కలు. గోల్ బంగ్లా, జనానా మహల్, వంటశాలలు, నౌకర్ల ఇళ్ళు అందులో ఉన్నాయి. మొత్తం 220 గదులు, 22 హాళ్ళు అని లెక్క. పాలరాయి ఇటలీ నుంచి వచ్చింది. కుర్చీలు, బల్లలు, దీపాల గుత్తులు, రంగు అద్దాలు ఇంగ్లండు నుంచి, ఇతర ఐరోపా దేశాల నుంచి ఓడల్లో వచ్చాయి. కుప్పం రాళ్ళ గనుల్లో పనిచేసినవారికి తెలుసు, ఒక్క పెద్ద రాతిని పగలకుండా కొండ దించి లారీకెక్కించడం ఎంత కష్టమో. అటువంటిది సముద్రాలు దాటి వచ్చిన పాలరాతి మెట్లను, ఒక్క పెచ్చు ఊడకుండా, లారీలు లేని ఆ రోజుల్లో కొండ ఎక్కించారు.

భోజనశాలలోని బల్ల ఒక్కటే నూరడుగులకు పైగా పొడవు. 101 మంది ఒక్క పంక్తిన కూర్చుని భోంచేయవచ్చు. ఒక కొసన కూర్చున్నవారు మెల్లగా మాట్లాడినా రెండో కొసన ఉన్నవారికి వినిపించేలా ఆ గదిని కట్టారని చూసివచ్చినవారు చెబుతారు. పుస్తకశాల పైకప్పును ఇంగ్లండు రాజుల విండ్సరు కోటలోని కప్పును చూసి చెక్కించారు. టెలిఫోను, విద్యుద్దీపాలు ఆ ఇంట్లోకి ఆ కాలంలోనే వచ్చాయి. అక్కడి స్విచ్ బోర్డు దేశంలోని పెద్దవాటిలో ఒకటిగా పేరుపొందింది. మనకు పొరుగున ఉన్న కోలారు బంగారు గనులకు శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది 1902లో. దీన్నిబట్టి ఆ ఇల్లు కాలానికి ఎంత ముందున్నదో ఊహించవచ్చు.

1890 డిసెంబరు నాటికి నవాబుగారు గోల్ బంగ్లా, జనానా మహల్ భాగాల్లో కాపురం పెట్టారు. మిగతా పనులు సాగుతూనే ఉన్నాయి. మొత్తం పూర్తయ్యేసరికి తొమ్మిదేళ్ళు పట్టింది.

నలభై లక్షల ఖర్చు

ఈ ఇంటికి అయిన ఖర్చు సుమారు 40 లక్షల రూపాయలని చెబుతారు. ఆనాటి 40 లక్షలంటే ఎంతో తెలియాలంటే ఒక పోలిక చాలు. 1902లో నిజాం తన రాజ్యంలోని బీరారు ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి శాశ్వత కౌలుకు ఇచ్చాడు. పత్తి పండే నల్లరేగడి దేశమది. దానికి ఇంగ్లీషువారు ఏడాదికి ఇవ్వవలసిన కౌలు 25 లక్షలు. అంటే ఒక దేశం ఏడాది కౌలుకంటె నవాబుగారి ఇంటి ఖర్చే ఎక్కువ.

ఈ సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్న రాక మానదు. జాగీరు గ్రామాల రైతులు కట్టిన శిస్తే దానికి మూలం. ధాత కరువు 1876 నుంచి 1878 దాకా మన సీమను, దక్కనును ఊడ్చిపెట్టిన సంగతి ముసలివారి నోట ఇప్పటికీ వింటాం. అది జరిగి ఆరేళ్ళయినా గడవకముందే ఈ కొండమీద పునాది పడింది. ఆ ఇంటి అందాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పుకోవడం న్యాయం. అయితే రాళ్ళు మోసినవారి, సున్నం కొట్టినవారి, కొయ్య చెక్కినవారి పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

శిస్తు ఆదాయం కూడా చాలలేదు. నవాబుగారు అప్పు చేయవలసి వచ్చింది. ఇల్లు పూర్తయ్యేనాటికి అప్పు పెరిగింది. అంత ఇంటిని నడపడానికి నౌకర్లు, గుర్రాలు, దీపాలు, తోటలు కావాలి. కట్టడానికి ఒకసారి ఖర్చయితే, నిలబెట్టుకోవడానికి ప్రతి ఏడూ ఖర్చే. ఏనుగును కొన్నవాడికి మేత ఖర్చు తెలిసివచ్చినట్లయింది ఆయన పని.

ప్రధానమంత్రి పదవి

ఇల్లు పూర్తయిన 1893వ సంవత్సరంలోనే ఆయన హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రి అయినాడు. అంతకు ముందు ఆ పదవిలో ఉన్నది ఆయన దాయాది అస్మాన్‌జా. 1901 దాకా, అంటే ఎనిమిదేళ్ళపాటు వికార్ ఉల్ ఉమ్రా ఆ బాధ్యత వహించాడు.

అవి సులువైన రోజులు కావు. ఒకవైపు స్వతంత్రంగా వ్యవహరించాలనుకునే యువ నిజాం. రెండోవైపు ప్రతి విషయంలో కన్నువేసి ఉంచే ఇంగ్లీషు రెసిడెంటు. మధ్యలో ప్రధానమంత్రి. 1899, 1900 సంవత్సరాల్లో దక్కనులో మళ్ళీ పెద్ద కరువు వచ్చింది. అదే కాలంలో సికింద్రాబాదు నుంచి మన్మాడు వైపు గోదావరి లోయ రైలుమార్గం పడింది. ఇంగ్లీషు ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది.

హైదరాబాదుకు పడమరగా ఉన్న వికారాబాదు ఆయన పేరు మీద వెలిసినదే. వికారాబాదు అన్న పేరు విని ఏదో వికారమని నవ్వుకునేవారు మనలో ఉన్నారు. కాని అది ఒక మనిషి పేరు. వికార్ అంటే గౌరవం, మర్యాద అని అర్థం.

అతిథి వచ్చాడు

ఇక అసలు కథకు వస్తాం. కొండమీది ఇంటిని గురించి హైదరాబాదంతా చెప్పుకుంటున్నది. నిజాం కూడా చూడాలనుకున్నాడు. బావగారు ఆహ్వానించారు. మహబూబ్ అలీఖాన్ పరివారంతో వచ్చి దిగాడు. ఇది 1897 ప్రాంతపు సంగతి.

జనంలో ఈ కథను ఇలా చెప్పుకుంటారు. ఒక్క రోజు ఉండి వెళ్ళాలని వచ్చిన నిజాముకు ఇల్లు తెగ నచ్చింది. రోజు కాస్తా వారమైంది. వారం కాస్తా నెల అయింది. ప్రభువు కదిలే సూచన లేదు. ఇంటివారు తమ ఇంట్లోనే అతిథులై ఒదిగి ఉన్నారు. చివరకు ఆయన మనసు కనిపెట్టి, వికార్ ఉల్ ఉమ్రా ఇంటి తాళాలను ప్రభువు ముందు ఉంచాడు.

ఆ తాళాలు ఇవ్వడం కేవలం భయంతోనో, కేవలం ప్రేమతోనో జరిగిందనుకోవడం సరికాదు. హైదరాబాదు కొలువులో నజరు అనే ఆచారం ఉండేది. ప్రభువు దర్శనానికి వెళ్ళినవారు చేతిలో నాణెం పెట్టుకుని సమర్పించాలి. ప్రభువు మెచ్చిన వస్తువును ఆయనకే అర్పించడం కొలువు మర్యాద. గుర్రాన్ని మెచ్చితే గుర్రం, కత్తిని మెచ్చితే కత్తి. నిజాం మెచ్చింది ఇల్లు. కనుక ఇల్లే నజరైంది.

ఇంకొక మాట కూడా ఉంది. అప్పుల భారం చూసి, ఈ ఉపాయం చెప్పింది బేగంగారేనని అంటారు. తమ్ముని గుణం తోబుట్టువుకు తెలుసు. అమ్ముకుంటే పరువు పోతుంది. అప్పులవాళ్ళు తీసుకుంటే ఇంకా పరువు పోతుంది. ప్రభువుకు నజరు ఇస్తే పరువు నిలుస్తుంది, పైగా ప్రభువు ఊరికే తీసుకోడు. నిజంగానే నిజాం ఊరికే తీసుకోలేదు. ఖజానా నుంచి సొమ్ము ఇప్పించాడు. ఆ విధంగా నవాబుగారి మెడ మీది అప్పు బరువు తగ్గింది. కాని తొమ్మిదేళ్ళు కంటికి రెప్పలా చూసి కట్టించుకున్న ఇల్లు చేజారింది.

సొంత ఇల్లు అమ్ముకుని, అదే వీధిలో తలవంచుకు నడిచిన మనిషిని చూసినవారికి ఆ బాధ తెలుసు. అయితే ఈయన ఆ ఇంటిని ఇచ్చిన తర్వాత కూడా ఆ ప్రభువు దగ్గరే ప్రధానమంత్రిగా నాలుగేళ్ళు పనిచేశాడు. తన ఇంట్లో తానే కొలువు చేయవలసి వచ్చిందన్నమాట.

బేగంపేటలో చివరి రోజులు

కట్టడాల మోజు మాత్రం ఆయనను వదలలేదు. బేగంపేటలో 1900 ప్రాంతంలో ఇంకొక భవనం కట్టించాడు. పైగా ప్యాలెస్ అని పిలిచే ఆ భవనంలో తర్వాత హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉండేది. 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేటు అందులోనే నడిచింది. అమెరికా వీసా కోసం మన పిల్లలు వరుసలో నిలబడింది ఆ నవాబుగారి ఇంటి ముందే.

బేగంపేటలోనే ఒక మసీదును కూడా ప్రారంభించాడు. స్పెయిను దేశంలోని కార్డోవా నగరపు పాత మసీదు ఆయన మనసులో ముద్రపడింది. ఆ తీరులో కోసుగా నిలిచే గోపురాలతో దాన్ని కట్టించసాగాడు. దూరం నుంచి చూసినవారు చర్చి అనుకుంటారు. దాన్ని స్పానిష్ మసీదు అని పిలుస్తారు. అది 1906లో పూర్తయింది. చూడడానికి ఆయన లేడు.

1901లో ప్రధానమంత్రి పదవి మహారాజా కిషన్ పర్షాద్‌కు దక్కింది. పదవి దిగిన కొద్ది నెలలకే, 1902 ఫిబ్రవరి 15న వికార్ ఉల్ ఉమ్రా కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్ళు. పీసల్‌బండ ప్రాంతంలోని పైగా వంశీయుల సమాధుల్లో ఆయనను ఖననం చేశారు. సున్నపు గచ్చుతో పూలు, లతలు చెక్కిన ఆ సమాధులు చూడదగినవి. ఫలక్‌నుమాకు పోయినంత ఖర్చు అక్కడికి పోవడానికి కాదు. సిటీ బస్సు టికెట్టు చాలు.

ఇల్లు పుచ్చుకున్నవాని కథ

ఇల్లు పుచ్చుకున్న మహబూబ్ అలీఖాన్ జనంలో పేరున్న ప్రభువు. పాము కరిచినవారు ఆయన పేరు తలిస్తే విషం దిగుతుందని తెలంగాణ పల్లెల్లో నమ్మేవారు. పాముకాటు పడినవాళ్ళు వస్తే ఏ వేళనైనా తనను నిద్రలేపమని ఆయన చెప్పి ఉంచాడని కథలున్నాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణాలు తీసినప్పుడు, నిరాశ్రయులకు తన భవనాల తలుపులు తెరిపించాడు. మహబూబ్‌నగరు, మహబూబాబాదు పేర్లు ఆయనవే.

ఫలక్‌నుమాను ఆయన రాజఅతిథుల విడిదిగా వాడుకున్నాడు. 1906లో ఇంగ్లండు యువరాజు, తర్వాత ఐదో జార్జి చక్రవర్తి అయినవాడు, రాణితో సహా అక్కడే దిగాడు. 1922లో ఆయన కొడుకు ఎడ్వర్డు కూడా అక్కడే దిగాడు.

మహబూబ్ అలీఖాన్ ఆ ఇంటిలోనే 1911 ఆగస్టు 29న చనిపోయాడు. మన చిత్తూరు జిల్లా పుట్టిన సంవత్సరమే అది. అప్పటికి ఆయన వయసూ 45 ఏళ్ళే. ఇల్లు కట్టినవాడు నలభై అయిదేళ్ళకు, ఇల్లు పుచ్చుకున్నవాడు నలభై అయిదేళ్ళకు పోయారు. ఇల్లు మాత్రం నిలిచింది.

మూతబడిన తలుపులు

తర్వాత వచ్చిన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కింగ్‌కోఠీలో నివసించాడు. కొండమీది ఇల్లు అతిథులు వచ్చినప్పుడు మాత్రమే తెరుచుకునేది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1949లో జాగీరులు రద్దయినాయి. పైగా వారి ఊళ్ళు ప్రభుత్వానికి చేరాయి. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఫలక్‌నుమాలో బస చేశాడు. ఆయన తర్వాత చెప్పుకోదగిన అతిథి లేడు. తలుపులు మూతబడినాయి.

ఏడో నిజాం 1967లో చనిపోయాక ఆస్తి మనుమడు ముకర్రమ్ జా చేతికి వచ్చింది. ఆయన ఎక్కువకాలం విదేశాల్లోనే గడిపాడు. కొండమీద ఇల్లు దుమ్ము పట్టింది. గదులకు తాళాలు, తివాచీలకు చెదలు, తోటలో పిచ్చిచెట్లు. పెద్ద ఇళ్ళ గతి ఎక్కడైనా అంతే. వారసులు పట్నాల్లో, విదేశాల్లో ఉంటే ఇంటికి దీపం పెట్టేవారుండరు. మన పల్లెల్లో దూలాలు విరిగి, గోడల మీద రావిమొక్కలు మొలిచిన పాత మిద్దెలు చూస్తూనే ఉన్నాం.

ముకర్రమ్ జా మొదటి భార్య, టర్కీ దేశస్థురాలైన ఎస్రా యువరాణి తిరిగివచ్చి ఈ ఆస్తులను బాగుచేసే పని తలకెత్తుకున్నారు. చౌమహల్లా ప్యాలెస్ బాగుపడి 2005లో ప్రజల సందర్శనకు తెరుచుకుంది. ఫలక్‌నుమాను తాజ్ హోటళ్ళ సంస్థకు దీర్ఘకాలపు కౌలుకు ఇచ్చారు. మరమ్మతులకు పదేళ్ళు పట్టింది. కట్టడానికి తొమ్మిదేళ్ళు పడితే, బాగుచేయడానికి పదేళ్ళు పట్టడం గమనార్హం. 2010 నవంబరులో అది హోటలుగా తెరుచుకుంది. ముకర్రమ్ జా 2023 జనవరిలో టర్కీలో చనిపోగా, ఆయన భౌతికకాయాన్ని తెచ్చి హైదరాబాదు మక్కా మసీదులో ఖననం చేశారు.

ఈనాటి బస

ఇప్పుడు అక్కడ 60 గదులలో అతిథులకు బస ఏర్పాటు చేశారు. కారులో వచ్చినవారు కూడా కింది గేటు దగ్గర దిగి, గుర్రపుబగ్గీ ఎక్కి కొండమీదికి పోతారు. మెట్లు ఎక్కుతుండగా పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. సాయంత్రం ఇల్లంతా తిప్పి కథ చెబుతారు. 101 మంది కూర్చునే బల్ల ఇప్పటికీ ఉంది. 2017 నవంబరులో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, అమెరికా అధ్యక్షుని కుమార్తె ఇవాంకా ట్రంప్‌కు ఆ భోజనశాలలోనే విందు ఇచ్చారు. ఒక్క రాత్రి అద్దె పదుల వేల రూపాయలు. ఆ డబ్బుకు మన సంతలో ఒక పాడి ఆవు వస్తుంది.

ఇందులో మంచీ ఉంది. హోటలు కాకపోతే ఆ ఇల్లు ఈపాటికి కూలి ఉండేది. పదిమందికి పని దొరికింది. పాత చేతిపనులు మళ్ళీ వెలుగు చూశాయి. అయితే ఆ కొండ కిందనే పాతబస్తీ ఇరుకు సందుల్లో కాపురముండేవారిలో ఆ మెట్లు ఎక్కినవారు వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మందే. నవాబుల కాలంలో ప్రభువుల చుట్టాలకు తెరుచుకున్న తలుపు ఇప్పుడు డబ్బున్నవారికి తెరుచుకుంటున్నది. అంతే తేడా.

అక్కడ బస చేసినవారు నిజాం ఇంట్లో ఉండి వచ్చామని చెప్పుకుంటారు. నిజానికి ఆ ఇంట్లో నిజాం కూడా అతిథిగానే అడుగుపెట్టాడు. ఇంటి యజమాని వేరొకడు. ఇరవయ్యేడేళ్ళ వయసులో కొండమీద పునాది రాయి వేసి, నలభై ఏళ్ళు దాటగానే తాళాలు అప్పగించి, ఇంకో అయిదేళ్ళకు కన్నుమూసినవాడు. ఆ ఇంట్లో ఆయన కాపురమున్నది ఏడేళ్ళ లోపే. అందులో నిజాం బస చేసింది ఎక్కువా, నవాబుగారు నిశ్చింతగా నిద్రపోయింది ఎక్కువా అంటే చెప్పడం కష్టం.

ఇల్లు కట్టుకోవద్దని ఈ కథ చెప్పడం లేదు. కప్పు లేనిదే సంసారం లేదు. అయితే ఉన్నంతలో కట్టుకున్న రెండంకణాల ఇంట్లో అప్పులేని నిద్ర పోయేవాడు, ఒక విధంగా ఫలక్‌నుమా నవాబుకంటె భాగ్యవంతుడే. మన పిల్లలు ఎప్పుడైనా హైదరాబాదు వెళ్ళి, చార్మినారు దగ్గర నిలబడి దక్షిణంవైపు ఆ తెల్లని మేడను చూపించినప్పుడు, అది నిజాం మేడ అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా, కట్టిన వికార్ ఉల్ ఉమ్రా పేరు కూడా చెప్పగలిగితే ఆయన రుణం కొంత తీరినట్లే.